నీలి కెటిల్ మంగమారిపేట చేరిన వైనం

నేను ఒక కాఫీ కెటిల్‌ని. ఇనుప రేకుతో చేసి, పైన నీలిరంగు ఎనామెల్ పూత పూసిన మామూలు కెటిల్‌ని. నా ముక్కు కొంచెం వంకర. నార్వే దేశంలో ఒక చిన్న కార్ఖానాలో నాకు ముక్కు అతికించినవాడు ఆ క్షణంలో పక్కవాడితో హాస్యమాడుతున్నాడు. వాళ్ళ నవ్వు అప్పుడే ఆగిపోయింది. నా వంకర మాత్రం ఉండిపోయింది. అందుకని నన్ను ధర తగ్గించి అమ్మేశారు. అలా ఉత్తరాన, చెట్టన్నది మొలవని ఒక దీవిలో, చేపలు పట్టుకునే ఇంటికి కొత్త కోడలిలా వెళ్ళాను.

ఆ ఇంటి ఇల్లాలి పేరు బొర్గ్‌హిల్డ్. ఆమెకు ఫిల్టరూ లేదు, వడపోతా లేదు. నీళ్ళలో కాఫీ పొడి వేసి నాలోనే మరిగించి, పొడి అడుగుకు దిగాక వంచుకుని తాగడమే. నన్ను ఎన్నడూ తోమేది కాదు, నీళ్ళతో తొలిచి వదిలేసేది. "లోపల పట్టిన నలుపులోనే ఉంది రుచి" అనేది. చలికాలంలో మగవాళ్ళు పడవలేసుకుని వేటకు పోతే, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆమె వంటింట్లో చేరేవాళ్ళు. బొర్గ్‌హిల్డ్ కథలు చెప్పేది. నవ్వించే కథ చెప్పేటప్పుడు మొహం బిగించుకునేది. వణుకు పుట్టించే కథ చెప్పేటప్పుడు తాపీగా బంగాళాదుంపల తొక్క తీసేది. మునిగి చచ్చినవాళ్ళు దయ్యాలై సగానికి చీలిన పడవలో తిరిగొచ్చే కథలు, సీలనే సముద్ర జంతువు తన తోలు విప్పి ఆడమనిషిగా మారిన పెళ్ళాం కథలు. అన్నీ నేను పొయ్యి మీద నుంచి విన్నవే.

బల్ల కింద కూర్చుని ఆ కథలు విన్నది ఆమె మేనకోడలు సోల్వైగ్. ఆ పిల్ల పెరిగి, బెర్గెన్ నగరంలో విశ్వవిద్యాలయంలో స్కాండినేవియా సాహిత్యం, సంస్కృతి బోధించే ప్రొఫెసర్ అయింది. మేనత్త చెప్పిన కథలన్నీ ఆమె చెప్పినట్టే, ఆ దీవి యాసలోనే పుస్తకంగా వేసింది. బొర్గ్‌హిల్డ్ నిండు వయసులో కన్నుమూశాక బంధువులు బల్లలూ కుర్చీలూ పంచుకున్నారు. సోల్వైగ్ నన్నొక్కదాన్నే అడిగి తీసుకుంది. అలా నేను కూడా విశ్వవిద్యాలయంలో చేరాను, ఏ పరీక్షా రాయకుండానే.

ఆ విభాగంలో తరగతి గదిని ఆనుకుని చిన్న వంటగది ఉండేది. అక్కడే నా కాపురం. జర్మనీ, పోలండ్, జపాన్ నుంచి వచ్చిన విద్యార్థులు కప్పులు పట్టుకుని పాత వీరగాథల గురించి వాదించుకునేవాళ్ళు. ఎప్పుడో వెయ్యేళ్ళ కిందట ఒకడు పొరుగువాణ్ణి ఎందుకు నరికాడన్న వాదన, నేను మూడు సార్లు మరిగి చల్లారినా తెమిలేది కాదు. బొర్గ్‌హిల్డ్ అయితే "పొలం గట్టు కోసం" అని ఒక్క ముక్కలో తేల్చేసేది. అయినా ఆ పిల్లల వాదన వింటుంటే నాకు హాయిగానే ఉండేది. చచ్చిపోయినవాళ్ళ గురించి అంత బెంగపడే మనుషులు చెడ్డవాళ్ళు కాలేరు కదా.

ఒక ఆగస్టులో ఆ గదిలోకి గరికిన నూకరత్నం వచ్చింది. విశాఖపట్నానికీ భీమిలికీ నడుమ సముద్రం ఒడ్డున ఉన్న మంగమారిపేట ఆమెది. తండ్రి ఎల్లాజీ నార్వే సరుకు ఓడల్లో చాలా కాలం వంటవాడిగా పనిచేశాడు. సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా ఆ ఓడవాళ్ళ మాటలు నాలుగు పట్టుకొచ్చేవాడు. అన్నం తిని లేచేటప్పుడు పెళ్ళానికి నార్వే భాషలో ధన్యవాదాలు చెప్పేవాడు, ఆవిడేమో తిడుతున్నాడనుకునేది. ఆ మాటల రుచి పట్టే నూకరత్నం పట్నంలో డిగ్రీ అయ్యాక, స్కాలర్‌షిప్ సంపాదించి ఇంత దూరం వచ్చింది.

వచ్చాక తెలిసింది, తాను పుస్తకంలో నేర్చుకున్న నార్వే భాష నార్వేలో ఎవరూ మాట్లాడరని. ఒక్కొక్కరిదీ ఒక్కో యాస. బస్సు డ్రైవరుదొకటి, దుకాణం పిల్లదొకటి, సాక్షాత్తూ ప్రొఫెసర్ గారిది మరొకటి. తరగతిలో నూకరత్నం నోరు విప్పేది కాదు. కాఫీ కలిపే నెపంతో నా దగ్గరకొచ్చి నిలబడేది. ఒకరోజు సోల్వైగ్ ఆమె వెనకే వచ్చింది.

"మేడమ్, ఒక మాట అడగనా?" అంది నూకరత్నం.

సోల్వైగ్ వెనక్కి తిరిగి చూసింది, ఎవరో మేడమ్ వచ్చారనుకుని. ఆ దేశంలో గురువునైనా పేరు పెట్టే పిలుస్తారు. నూకరత్నానికి మాత్రం చదువు పూర్తయ్యేదాకా నోరు రాలేదు.

"మీరు ఇంత చదువుకున్నారు కదా. క్లాసులో కూడా ఆ దీవి యాసలోనే మాట్లాడతారేం? పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడరేం?"

"ఏ పుస్తకంలో ఉన్నట్టు?" అంది సోల్వైగ్, నిజంగానే అర్థం కాక. "నాకు మాటలు నేర్పింది మా అత్త. ఉద్యోగం వచ్చింది కదా అని ఆమె మాటని గుమ్మం బయట వదిలి రానా?"

నూకరత్నం నా మూత సర్ది పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. కాలేజీలో చేరిన కొత్తలో ఆమె లేచి "నాను" అన్నందుకు గది గదంతా నవ్విందట. ఆ సాయంత్రమే అద్దం ముందు నిలబడి "నేను, నేను" అని పలకడం నేర్చుకుందట. అప్పటి నుంచి ఇంట్లో ఒక నోరు, బయట ఒక నోరు. సోల్వైగ్ నన్ను చేతిలోకి తీసుకుంది. కప్పు నింపి చేతికిచ్చింది.

ఏడాది చివర ప్రతి విద్యార్థీ ఒక రచనని సొంత భాషలోకి అనువదించి, పరీక్షాధికారుల ముందు కూర్చుని దాని గురించి నోటితో జవాబులు చెప్పాలి. అందులో తప్పితే స్కాలర్‌షిప్ ఆగుతుంది, ఇంటిదారి పట్టాలి. నూకరత్నం బొర్గ్‌హిల్డ్ కథల్లో ఒకటి ఎంచుకుంది. మొగుడు వేటకు పోయిన రోజు ఒక ఇల్లాలు ఒడ్డుకేసి చూస్తూ గడిపిన కథ. చక్కటి పుస్తకాల తెలుగులో రాసింది. రాసి, వంటగదిలో నా పక్కన ఫోను ఆనించి తండ్రికి చదివి వినిపించింది. "ఆ రోజు సముద్రం ఉగ్రరూపం దాల్చింది. ఆందోళన నిండిన హృదయంతో ఆమె తీరం వైపు దృష్టి సారించింది..."

రెండు పేజీలయ్యేసరికి అటునుంచి గురక వినబడింది.

"నానా! పడుకున్నావేటి?"

"నేదమ్మా నేదు, ఇంటన్నాను," అన్నాడు ఎల్లాజీ ఉలిక్కిపడి. "శానా బావుంది. రేడియోలో వార్తల్లాగుంది."

నూకరత్నం ముందు ఏడవబోయింది, తర్వాత నవ్వింది. అసలు బొర్గ్‌హిల్డ్ అన్నది "సముద్రం ఇవాళ పళ్ళు కొరుకుతోంది" అని. నేను విన్నాను కాబట్టి నాకు తెలుసు. ఆ ముసలమ్మ నోట్లో హృదయమూ లేదు, దృష్టి సారించడమూ లేదు.

మర్నాటి నుంచి నూకరత్నం మళ్ళీ మొదటికొచ్చింది. వాక్యం రాయడానికి ముందు దాన్ని పైకి అనుకునేది. వంటగదిలోకి వచ్చిన జపాన్ కుర్రాడు, ఎవరితో మాట్లాడుతోందోనని చూసి, నన్ను తప్ప ఎవరినీ కానక మర్యాదగా వెనక్కి పోయేవాడు. పట్నంలో తనకు పాఠం చెప్పిన లెక్చరర్‌కి విషయం చెబితే ఆయన ఒక్కటే అన్నాడు: "యాసలో అనువాదమా? నవ్విపోతారమ్మా. తర్వాత నీ ఇష్టం." ఆ రోజంతా ఆమె కలం పట్టలేదు. మర్నాడు మళ్ళీ పట్టి, రాయడం ముగించాక ఎల్లాజీకి ఫోను చేసింది, ఈసారి కొత్త ప్రతితో.

"'సముద్రం ఇయాల పళ్ళు కొరుకుతంది' అన్నాదంట ఆ ఇల్లాలు. అనీసి గుమ్మంలో నిలబడి ఒడ్డుకేసే సూస్తంది. పొయ్యి మీద కాఫీ మరిగిపోతంది, దించడానికి మనసు రాదు. దించితే ఆడు రాడేమోనని..."

అటువైపు చప్పుడు లేదు. నూకరత్నం ఆగింది. "నానా?"

"ఆపకమ్మా," అన్నాడు ఎల్లాజీ గొంతు తగ్గించి. "మీ యమ్మా, ఎనకింటి పోలమ్మా కూడా కూసున్నారు. పోలమ్మ ఏడుస్తంది. సదువు."

పరీక్షనాడు డెన్మార్క్ నుంచి అస్గర్ అనే పెద్దాయన పరీక్షాధికారిగా వచ్చాడు. డెన్మార్క్ వాళ్ళు నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకుని మాట్లాడతారని నార్వే వాళ్ళ వేళాకోళం. ఆ రోజు నన్ను కాఫీతో నింపి పరీక్ష గదిలోనే పెట్టారు కాబట్టి అంతా విన్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న నూకరత్నానికి అర్థం కాలేదు. రెండోసారి అడిగాడు, అప్పుడూ అర్థం కాలేదు. ఆమె వేళ్ళు బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాయి. ఇక మౌనంగా కూర్చుండిపోతుందని నాకు భయం వేసింది.

"మీ మాట నాకు అందడం లేదు. కాస్త నిదానంగా చెప్పండి," అంది నూకరత్నం. పుస్తకం మాట కాదది. సోల్వైగ్ నోట విని విని పట్టుకున్న ఉత్తరాది దీవి మాట. సోల్వైగ్ తలవంచుకుని నవ్వు దాచుకుంది.

అస్గర్ నిదానించాడు. "మీ భాషలో అందరూ రాసే పద్ధతి ఒకటి ఉంది కదా. దాన్ని వదిలి మీ ఊరి మాట ఎందుకు ఎంచుకున్నారు?"

"ముందు ఆ పద్ధతిలోనే రాశాను. మా నాన్న నిద్రపోయాడు," అంది నూకరత్నం. "ఈ కథలో మనిషి మా ఒడ్డున పుట్టి ఉంటే ఎలా మాట్లాడేదో నాకు తెలుసు. తెలిసి కూడా ఆమెకు వేరే నోరు పెట్టడం న్యాయం కాదనిపించింది. మా కాలేజీలో నాకు అలాగే పెట్టారు."

ఆయన ఒక పేజీ తెలుగులో చదవమన్నాడు. ఒక్క ముక్క తెలియకపోయినా కప్పు కింద పెట్టి విన్నాడు. పడవ కోసం ఎదురుచూసే చోటికి వచ్చేసరికి కాఫీ సంగతే మరిచిపోయాడు. మంచి మార్కులతో నెగ్గింది నూకరత్నం. చల్లారిన ఆ కప్పుని తర్వాత సోల్వైగ్ సింకులో పారబోసింది. కాఫీ వృథా అయినందుకు నేను సంతోషించినది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత నూకరత్నం అక్కడే పరిశోధన చేసి డాక్టరేటు తీసుకుంది. బొర్గ్‌హిల్డ్ కథలన్నీ మంగమారిపేట తెలుగులో పుస్తకంగా వచ్చాయి. కొందరు మెచ్చుకున్నారు, ఇది తెలుగేనా అని కొందరు ముక్కు విరిచారు. విరిచినవాళ్ళు కూడా చివరిదాకా చదివారని విన్నాను. ఆమె విశాఖపట్నంలో ఒక కాలేజీలో ఉద్యోగానికి కుదిరి ప్రయాణమయ్యేనాటికి, విభాగం కొత్త భవనానికి మారుతోంది. అక్కడ మీట నొక్కితే కాఫీ పోసే యంత్రం ఉందట. నా అడుగున అప్పటికే చిన్న చిల్లు పడింది. పని అయిపోయిందనుకున్నాను. సోల్వైగ్ నన్ను ఉన్ని శాలువాలో చుట్టి నూకరత్నం పెట్టెలో పెట్టింది.

మంగమారిపేట వచ్చాక, సైకిల్ మీద తిరుగుతూ గిన్నెలకు మాట్లు వేసే ఒకాయన నా అడుగున మాటు వేశాడు. వేస్తూ, ఇలాంటి రేకు ఇప్పుడు రాదమ్మా అన్నాడు. ఈ వయసులో పొగడ్త వింటే సిగ్గేసింది.

ఉద్యోగ విరమణ చేశాక సోల్వైగ్ ఒక జనవరిలో మా ఇంటికి వచ్చింది. ఎల్లాజీ ఓడలో నేర్చిన భాషంతా బయటికి తీశాడు. అందులో సగం వంట మాటలు, మిగతా సగం నావికుల బూతులు. ఏవి ఏవో ఆయనకు తెలియదు. ఎంతో మర్యాదగా ఆమెను ఒక పచ్చి బూతుతో లోపలికి ఆహ్వానించాడు. సోల్వైగ్ అరుగు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తర్వాత తానూ అంతకంటే పచ్చిదొకటి అందుకుంది. నూకరత్నం తల్లి చేటలో చేపలు వదిలేసి వచ్చి చూసింది.

"మేడమ్మగారికి మన కాఫీ ఎట్టాల," అన్నాడు ఎల్లాజీ. నన్ను కిరసనాయిల్ స్టవ్ మీద పెట్టి నీళ్ళకు బదులు చిక్కటి పాలు పోశాడు, బెల్లం చితక్కొట్టి పక్కన పెట్టుకున్నాడు. పుట్టిన తర్వాత నా కడుపులో పాలు పడటం అదే మొదలు. వాటి నడత నాకు తెలియదు. నల్ల కాఫీలా బుద్ధిగా మరుగుతాయనుకున్నాను. అవి ఒక్క ఉదుటున లేచి నా మూత ఎత్తేసి, వంకర ముక్కులోంచి పొర్లి, స్టవ్ మీద చుయ్‌మన్నాయి. అమ్మయ్యో, వచ్చిన అతిథి ముందు పరువు పోయిందే అని కుంగిపోయాను.

"పాలు పొంగాయి! ఉండు, అప్పుడే దించీకు," అంది నూకరత్నం తల్లి. పరుగున వచ్చి నా మెడ మీద పసుపు రాసింది, కుంకుమబొట్టు పెట్టింది.

ఏమైందని సోల్వైగ్ అడిగింది. కొత్త ఇంట్లో చేరినప్పుడు మా వాళ్ళు ముందుగా పాలు పొంగిస్తారు, ఇవాళ ఈ కెటిల్ మా ఇంట్లో చేరింది, అని నూకరత్నం ఆమెకు ఆ దీవి మాటలో చెప్పింది.