బేస్ తీసేసిన పాట

పాట మళ్ళీ మొదటికి వచ్చింది. తౌనో బేస్ గిటార్‌ను తొడమీద సర్దుకుని లావు తీగ మీటాడు. ఆవిరిస్నానాల గది పక్కన, బట్టలు తగిలించుకునే ఇరుకు గదిలోనే అతని సాధనంతా. అకార్డియన్, డ్రమ్స్, గాత్రం ఫోన్‌లోంచి వస్తాయి. బేస్ ఒక్కటే ఉండదు. ఆ ఖాళీని అతను నింపాలి.

జీవితమంతా చేసిందదే. సరస్సు ఒడ్డు డాన్సుహాళ్ళలో జనం టాంగోకి అడుగులేసేది అతని మోతకే. వాళ్ళకి గుర్తుండేది మాత్రం అకార్డియన్ పట్టుకుని పాడే కాలెర్వో మొహం. బ్యాండు పోస్టర్లలో తౌనోది ఎప్పుడూ సగం భుజమే.

నడివేసవి పండగ డాన్సు రేపే. సాధనకని కాలెర్వో పంపిన ట్రాకుల్లో రెండు అయ్యాయి. మూడోది, హుంప్పా అనే హుషారు డాన్సు పాట, నొక్కాడు. చెయ్యి ఇంకా తీగమీద పడనేలేదు. ఫోన్‌లోంచి బేస్ మోగింది.

తప్పు ఫైలు పంపాడు వెధవ, అనుకుని ఆపబోయాడు. అంతలో 'టుప్' మంది.

వెనక్కి జరిపి విన్నాడు. టుప్. టైర్లు ఎక్కించే యంత్రంలో నలిగిన అతని ఉంగరపు వేలు నొక్కినప్పుడల్లా తీగ అలాగే మూగబోతుంది. కిందటి వేసవి, సౌండ్ సరిచూడటానికని కాలెర్వో ప్రతి డాన్సూ రికార్డు చేశాడు. అందులోంచి తౌనో వాయింపును కోసి ఇందులో అతికించాడు. ఇది సాధనకు కాదు. అతను లేకుండా వేదికమీద వాడటానికి.

ఆ రోజు తను పనిచేసే టైర్ల షాపులో అతను బిగించిన నట్లు యజమాని వదులు చెయ్యాల్సొచ్చింది. "చక్రం బిగిస్తున్నావా, పీక పిసుకుతున్నావా?"

తౌనో ఇంకో చక్రం అందుకున్నాడు. పని అవగానే డాన్సుహాలుకి బండి తోలాడు.

కాలెర్వో వేదికమీద వైర్లు పరుస్తున్నాడు. "ఏరా, పెందలాడే వచ్చావ్! కాఫీ తాగు." ఫ్లాస్కులోంచి వంచి కప్పు చేతికిచ్చాడు.

"మూడో పాటలో వాయించేదెవడ్రా?"

మళ్ళీ వైరందుకున్న కాలెర్వో చెయ్యి ఆగింది. "అది... నీకు పంపాల్సింది కాదు."

"పంపకుండా వాడేద్దామనుకున్నావన్నమాట."

"పండగయ్యాక చెబుదామనుకున్నా. నేనూ డ్రమ్మరూ అయితే వ్యాను అక్కర్లేదు, కారు చాలు. అయినా నీ చోట ఇంకొకణ్ణి పెట్టలేదుగా? నీ వాయింపే కదరా!"

"నన్ను గెంటేసి నా వేలు ఉంచుకుంటావా? సిగ్గులేదూ? తీసెయ్ దాన్ని."

"ఇంకెవరిది పెట్టను? జనం కాళ్ళు నీకే అలవాటుపడ్డాయి."

ఇన్నేళ్ళలో కాలెర్వో అతన్ని మెచ్చుకోవడం ఇదే మొదలు. తౌనోకి కప్పు మొహాన కొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. పళ్ళు బిగబట్టి కప్పును పక్కనున్న పెద్ద స్పీకరు మీద పెట్టేసి, వేదిక దిగాడు.

"రేపు వస్తావుగా?" కాలెర్వో గొంతు పెంచాడు.

"నేనెందుకూ? ఉన్నానుగా, అందులో."

తలుపు ధడేల్మంది. బండి శబ్దం చెట్లవెనక సన్నగిల్లేదాకా కాలెర్వో కదల్లేదు. తర్వాత వంగి, మూడో పాట పెట్టి, సౌండ్ పెంచాడు.

స్పీకరు మీద నిండు కాఫీ కప్పు, బేస్ మోగిన ప్రతిసారీ కాస్త చింది, కాస్త అంచువైపు జరుగుతోంది.