వేలు ఆగని చోటు

చిరిగిన బట్టను ఎవరైనా కుట్టగలరు. అక్కడ అసలు చిరగనే లేదనిపించడమే రఫ్ఫు పని. చిరుగు చుట్టూ మిగిలిన పోగుల్లోంచి దారి వెతుక్కుంటూ, ఒకదాని పైనుంచి, ఇంకోదాని కిందనుంచి కొత్త పోగును నేసుకుంటూ పోవాలి. కుడిచేయి సూదిని నడిపిస్తుంది. ఎడమచేయి బట్ట కింద, ఎవరికీ కనబడకుండా ఉంటుంది. సూదిమొన ఏ పోగు పక్కన దిగిందో ఆ కింది వేలికే తెలుస్తుంది. కంటికి తెలియదు.

ఆ వీధిలో ఒక ఇంటి ముందుగదే రఫ్ఫు దుకాణం. అత్తగారు తన అత్తగారి దగ్గర పని నేర్చుకుని మొదలుపెట్టింది. ఆవిడ కళ్ళకు పొర కమ్మాక పనంతా కోడలి చేతికి వచ్చింది. దుకాణానికి ఒకటే నియమం. పని అయ్యాక కళ్ళు మూసుకుని, ఎడమ చూపుడువేలితో ఒకసారి నిమరాలి. వేలు ఆగిందా, విప్పెయ్యాలి. ఆగలేదా, మడతపెట్టి ఇచ్చెయ్యాలి. చేసినవాళ్ళే నిమరాలి తప్ప రెండోవాళ్ళు చెయ్యి పెట్టకూడదు. "ఇంకొకరు నిమిరితే మొహమాటం అడ్డొస్తుంది. వేలికి మొహమాటం తెలీదు," అనేది అత్తగారు.

ఒకరోజు కిటికీ అద్దం తుడుస్తుంటే పగిలి, కోడలి ఎడమచేతిని మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన కోసేసింది. ఆసుపత్రిలో డాక్టరు తెగిన నరాన్ని వెంట్రుకకన్నా సన్నని దారంతో కుట్టాడు. చర్మం పది రోజుల్లో కలిసిపోయింది. కానీ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారిపోయాయి. ఉంగరంవేలిదైతే మరీ విడ్డూరం. చిటికెనవేలి వైపు సగానికి అన్నీ తెలుస్తున్నాయి, రెండో సగానికి ఏమీ తెలియదు. ఒకే వేలు, అన్నదమ్ములు పంచుకున్న ఇల్లులా మధ్యలో గోడ.

గిన్నెలు తోమి వచ్చిన కోడలి చేతిని అత్తగారు ఒడిలో పెట్టుకుని తడిమి చూసింది.

"నీళ్ళలో ఇంతసేపు నానితే వేళ్ళు ముడతలు పడాలి కదే. ఈ మూడూ కొత్త సబ్బుబిళ్ళల్లా ఉన్నాయేం?"

"చెమట కూడా పట్టడంలేదత్తయ్యా. పోగు పట్టుకుంటే జారిపోతోంది."

ఆసుపత్రిలో చేతి వ్యాయామాలు చేయించే ఆవిడను అడిగితే, ముడతా చెమటా కూడా నరం పనేనంది. ఆవిడ బొద్దుగా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేది. కోడలిని మొదటిరోజే చెల్లెమ్మను చేసేసుకుంది.

"గుండె కొట్టుకోవడం, తిన్నది అరగడం, చెమట పట్టడం, వీటికి నిన్నెవరూ అడగరు చెల్లెమ్మా. వాటి నరాలు వాటికున్నాయి. కాలింది అనుకునేలోపే చెయ్యి వెనక్కొస్తుంది చూడు, అదీ నీ గొప్ప కాదు. వెన్నుపాము దగ్గరే తేల్చేసి, ఆ తర్వాత మెదడుకి చెబుతారు."

"ఇంటి పెత్తనం అత్తగారిది, మొగుడికి తర్వాత తెలుస్తుంది. అంతేగా అక్కా?"

"అంతే. మీ ఇంట్లో కూడా అదేనా?" అని ఆవిడ నవ్వి, తెగిన నరం సంగతి చెప్పింది. నరమంటే ఒక తీగ కాదు, వేల పోగుల కట్ట. కొన్ని పోగులు మెదడు మాటను కిందికి మోస్తాయి, కొన్ని వేళ్ళ కబుర్లను పైకి మోస్తాయి. కబురు మోసే కణం మెడ దగ్గర, వెన్నెముక పక్కన కూర్చుని, వేలికొన దాకా ఒక పోగు చాపుకుని ఉంటుంది. తెగితే తెగిన చోటునుంచి కిందిదంతా చచ్చిపోతుంది. దాని గొట్టం మాత్రం ఖాళీగా మిగులుతుంది. పైనున్న ముక్క ఆ గొట్టంలోకి మళ్ళీ పెరుగుతుంది, రోజుకో మిల్లీమీటరు. దాని కొసన చిన్న అరచెయ్యిలాంటిది ఉండి, దారి తడుముకుంటూ వస్తుందట.

నెలకోసారి ఆవిడ కోడలి చేతి మీద వేలితో కొట్టుకుంటూ పైకి వచ్చేది. ఎక్కడ కొడితే వేళ్ళలోకి జిల్లుమంటుందో, పెరిగే కొసలు అక్కడికి చేరాయని గుర్తు. పెన్నుతో గీత పెట్టి తేదీ వేసేది. మొదటి నెల గీత మణికట్టు పైన. మూడో నెలకి అరచేతి మొదట్లో.

మధ్యాహ్నాలు పని లేక, దిండు మీద చెయ్యి పెట్టుకుని కోడలు పడుకునేది. కిటికీలోంచి వచ్చే వెలుగు నీళ్ళలో పడ్డట్టు కదిలేది. నిద్రా కాదు, మెలకువా కాదు. తన చేతి లోపల పొడవాటి వసారా ఒకటి కనబడేది. రెండు వైపులా గుమ్మాలు. నేతగాళ్ళు లేచి వెళ్ళిపోయిన మగ్గాలు వరసగా ఉండేవి. గుడ్డివాళ్ళలా చేతులు చాచి ఎవరో వస్తున్నారు. తొందర లేదు. రోజంతా నడిచి బియ్యపుగింజ పావువంతు దూరం. గుమ్మం దగ్గర ఆగి, లోపల ఎవరైనా ఉన్నారా అని వింటారు. ఆమె ఊపిరి కూడా మెల్లిగా తీసేది, గట్టిగా తీస్తే వాళ్ళు దారి తప్పుతారేమోనని.

ఇలా ఉండగా పక్కనే కళ్ళజోళ్ళ దుకాణం ఉన్నాయన వచ్చి, ముందుగది తనకిమ్మని అడిగాడు. గోడ తీసేసి కలుపుకుంటాడట.

"ఏడాది ఆగండి," అంది అత్తగారు. "పిల్ల చెయ్యి తిరిగొస్తే లేదు. రాకపోతే మీదే."

కోడలు వంటింట్లోంచి ఆ మాట వింది. సూది పట్టకపోతే తను ఆ ఇంట్లో వంటమనిషి, అంతే. ఎవరూ అనరు. అనకపోయినా అంతే.

తొమ్మిదో నెలలో వేళ్ళకు స్పర్శ తెలిసింది. వేడీ, చల్లదనం, గుచ్చితే నొప్పి. ముడతలు కూడా కొంచెం పడ్డాయి. ఆమె ఆగలేకపోయింది. పాటల మాస్టారి కోటుకు మోచేతి దగ్గర చిరుగు ఉంటే, మూడు రోజులు కూర్చుని రఫ్ఫు చేసింది. కళ్ళు మూసుకుని నిమిరింది. వేలు ఆగలేదు. అంత నున్నగా తన జన్మలో చేయలేదనిపించింది. మడతపెట్టి ఇచ్చేసింది.

మర్నాడు మాస్టారు కోటు పట్టుకుని మెట్లెక్కాడు. ఆయనకు గట్టిగా మాట్లాడటం రాదు.

"ఏమీ అనుకోకమ్మా. మోచేతి మీద గొంగళిపురుగు పడుకున్నట్టుంది. విదిలించాను కూడా. పోలేదు."

కోడలు కోటు చూసింది. పోగులు ఉబ్బి, ముడుచుకుని, నిజంగానే పురుగులా ఉంది. కంటికి అంత కనబడుతున్నదాన్ని వేలు ఆగకుండా దాటేసింది. అంతకాలం నమ్మిన వేలు. దానికి సగమే వచ్చిందని, పోగు నుంచి పోగును పోల్చుకునే సన్నని స్పర్శ ఇంకా రాలేదని, వచ్చేదాకా ఏ రఫ్ఫయినా దానికి నున్నగానే ఉంటుందని ఆమెకు తోచలేదు.

"తొందరేం లేదులే. చలి రావడానికి ఇంకా నెలలున్నాయి," అని మాస్టారు కోటు అక్కడే వదిలి వెళ్ళాడు. కళ్ళజోళ్ళాయన గోడ అవతలనుంచి అంతా విన్నాడు.

అత్తగారు కోటును నిమరకుండానే మడిచి పక్కన పెట్టింది.

ఆసుపత్రిలో కోడలు ఆ సంగతి చెప్పి, దాచుకున్నది కూడా చెప్పింది. "ఇంకోటక్కా. చూపుడువేలికి ఏదైనా తగిలితే ఒక్కోసారి బొటనవేలికి తగిలినట్టుంటోంది. పిచ్చి పట్టిందనుకుంటారని చెప్పలేదు."

ఆవిడ నమలడం ఆపింది. "అప్పుడే చెప్పొద్దూ. డాక్టరు కట్ట పైతొడుగు కుట్టాడు తల్లీ, వేల పోగుల్ని దేనికది కలపడం ఎవరి తరం? బొటనవేలికి వెళ్ళాల్సిన పోగులు కొన్ని చూపుడువేలి గొట్టంలో దూరాయి. మెదడులో ఒంటి పటం ఒకటుంటుంది. వీపంతటికీ ఇంత ముక్క, వేళ్ళకీ పెదాలకీ బోలెడంత. ఆ పటానికి ఇల్లు మారిన సంగతి తెలీదు. పాత చిరునామా రాస్తోంది."

"మరి ఏం చెయ్యాలి?"

"తప్పు కబురని కొట్టెయ్యకు. కళ్ళతో చూస్తూ తాకు, కళ్ళు మూసి తాకు. రోజూ. అది చెప్పేది విను."

ఆమె ఇంటికి వచ్చి, పాత గుడ్డముక్కలు డబ్బాలో వేసుకుని కూర్చుంది. ఉన్ని, నూలు, పట్టు, గోనె. చూసి తాకి, మూసి తాకి. మొదట్లో అన్నీ ఒకే మేఘంలా ఉండేవి. మేఘంలో బొటనవేలి వైపునుంచి ఎవరో గుసగుసలాడేవారు. ఇదివరకైతే "నువ్వు కాదు" అని విదిలించేది. ఇప్పుడు ఆ వైపే చెవి ఒగ్గి కూర్చునేది.

ఏడాది నిండిన రోజు పొద్దున్నే కళ్ళజోళ్ళాయన కొలతల టేపుతో వచ్చాడు.

"కూర్చోండి, ఒక్క నిమిషం," అంది అత్తగారు. లోపలికెళ్ళి బూడిదరంగు శాలువా ఒకటి తెచ్చి కోడలి ముందు పరిచింది. "నేను పని నేర్చుకునే రోజుల్లో రఫ్ఫు చేసింది. ఒక చోట ఒక పోగు ఎక్కువ పడింది. మా అత్తగారు విప్పమంటే, విప్పినట్టు నటించి దాచేశాను. ఎక్కడుందో చెప్పు. కళ్ళు మూసుకో."

కోడలు కళ్ళు మూసుకుంది. చూపుడువేలు శాలువా మీద నీటిమీద పడవలా జారిపోయింది. ఏమీ లేదు. ఒక అంచునుంచి రెండో అంచుకు, మళ్ళీ వెనక్కి. ఏమీ లేదు. మధ్యలో ఒక చోట, గాలిలో ఎత్తి ఉన్న బొటనవేలి కొసన ఇసుకరేణువంత ఏదో మెదిలింది. దాటిపోయి, వెనక్కి వచ్చింది. మళ్ళీ మెదిలింది.

"ఇక్కడత్తయ్యా."

"వేలు ఆగిందా?"

"ఆగలేదు. బొటనవేలికి తెలిసింది."

"బొటనవేలు గాల్లో ఉంది కదే."

"గాలికి కూడా రఫ్ఫు వేస్తారేమిటండీ?" అని కళ్ళజోళ్ళాయన నవ్వాడు.

అత్తగారు నవ్వలేదు. కోడలి వేలు తీసి, అదే చోట తన వేలు పెట్టింది. చాలాసేపు ఉంచింది.

"ఎక్కువైన పోగు నిలువుదా, అడ్డానిదా?"

కోడలు మళ్ళీ మెల్లిగా నిమిరింది. వసారా చివర ఎవరో గుమ్మం తట్టి, ఆగి, మళ్ళీ తట్టినట్టుంది. ఆమె వింది.

"అడ్డం. పైనుంచి మూడో పోగు పక్కన."

"టేపు చుట్టేసుకోండి," అంది అత్తగారు, ఆయనవైపు తిరక్కుండానే.

"అంటే, గదీ..."

"అంటే ఆ గోడ అలాగే ఉంటుంది. మీ కళ్ళజోళ్ళకి మంచి గోడ."

ఆయన మెట్లు దిగిన చప్పుడు వినబడింది. కోడలు కళ్ళు తెరవబోయింది. అత్తగారు అరచేయి ఆమె కళ్ళ మీద అడ్డంగా పెట్టి, రెండో చేత్తో శాలువాను తిప్పింది.

"మూసుకునే ఉండు. ఇంకోటుంది. ఇది మా అత్తగారికి కూడా దొరకలేదు."

బొటనవేలిని గాలిలో ఎత్తిపెట్టుకుని, కోడలు మళ్ళీ అంచునుంచి మొదలుపెట్టింది.