మూడో గేరులో ఆగని చెయ్యి

సంగం నుంచి వచ్చే మనిషి మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తానన్నాడు. పేరు మధుబాబు. వరి పండించే ఇంటివాడు, పాత కార్లంటే పిచ్చి. వచ్చి చూసుకుని, నచ్చితే ఫ్రెడ్డీ కారు తీసుకుపోతాడు. నచ్చకపోవడమంటూ ఉండదని ఇంట్లో అందరికీ తెలుసు. అంటే ఫ్రెడ్డీ తండ్రి సమాధానానికి మిగిలింది ఆ ఒక్క పూటే. కొడుకు బతికుండగా తనకు చూపించాలని తపించిపోయినదేమిటో ఆ పూటలోగా, ఆ కారులోనే తెలుసుకోవాలి. నిజానికి ఎంత చిన్న కోరికని! మూడో గేరులో ఉంచి, యాక్సిలరేటరు నేలకంటా తొక్కి, కాసేపు చెయ్యి కదపకుండా కూర్చుంటే చాలు. అదే ఆయన వల్ల కావడం లేదు.

కావలిలో కార్లు నడిపేవాళ్ళలో సగంమంది సమాధానం దగ్గర నేర్చుకున్నవాళ్ళేనంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. కానీ ట్రంకు రోడ్డు పక్కన నిలబడి చెవులొగ్గి వింటే ఎవరైనా ఒప్పుకుని తీరాలి. ఆయన శిష్యుల బండ్లు అరవవు. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే లోపలే గేరు మారిపోతుంది. ఇంజను ఎప్పుడూ పిల్లిలా గురగురమంటూ ఉంటుంది. లారీల మీద పని నేర్చుకుని, తర్వాత ఎబెనెజరు డ్రైవింగు స్కూలు పెట్టి, ఆయన ఊరందరికీ చెప్పింది ఒకటే మాట.

"బండి అడగక ముందే గేరు ఇచ్చెయ్యాలబ్బయా. అడిగించుకోగూడదు."

ఆయన కూర్చునేది ఎడమవైపు సీటు. అక్కడ కాళ్ళ దగ్గర ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు. కుడిచెయ్యి మాత్రం గేరు లివరు మీద గద్దలా కాచుకుని ఉండేది. నేర్చుకునేవాడు ఒక్క క్షణం ఆలస్యం చేశాడా, ఆ చెయ్యి వెళ్ళి గేరు మార్చేసేది. ఆయన ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నా సరే, చేతి పని చేతిది. దీన్ని చూసి పిల్లలు నవ్వుకునేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు, లోపల గర్వపడుతూ.

ఇంటి వైద్యం ఇంట్లో పనిచేయలేదంతే. కొడుకు ఫ్రెడ్డీ సముద్రం వైపు రొయ్యల గుంటల దగ్గర మోటార్లు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకునే పనిలో ఉండేవాడు. వాడు ఎక్కడో వెతికి వెతికి పాత హోండా సిటీ ఒకటి కొన్నాడు, వెనక వీటెక్ అని రాసి ఉండే రకం. సమాధానం దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పెట్రోలు తాగతాది," అని లోపలికి వెళ్ళిపోయాడు. అయినా ఫ్రెడ్డీ వదలలేదు. అన్నం తింటున్నా అదే గోల.

"మామూలుగా పోయేటప్పుడు ఇది ముక్కుతో గాలి పీల్చుకుంటాది నాయనా. అయిదు వేలు దాటిందనుకో, లోపల వాల్వుల్ని తెరిచే క్యామ్ ఇంకోటి అందుకుంటాది. వాల్వులు ఇంకా బాగా తెరుచుకుంటాయి, ఇంకొంచెం సేపు తెరుచుకోనుంటాయి. పరిగెత్తేటప్పుడు మనం నోరు తెరవమా? అట్లాగన్నమాట."

"నోరు తెరిచేదాకా దాన్ని పరిగెత్తించడం దేనికిరా?"

"చెప్తే తెలీదు. ఒక్కసారి వచ్చి కూర్చో."

ఆరు నెలలు బతిమాలితే ఒక ఆదివారం, గుడి ఆరాధన అయ్యాక సమాధానం కూర్చున్నాడు. వెనక సీట్లో కోడలు షారన్. తుమ్మలపెంట రోడ్డు ఎక్కారు. రెండు పక్కలా రొయ్యల గుంటలు, ముందు గీత గీసినట్టు తిన్నటి రోడ్డు. ఫ్రెడ్డీ మూడో గేరు వేసి, కాలు పూర్తిగా తొక్కిపట్టాడు. ఇంజను చుట్లు చూపించే ముల్లు మూడు వేలు దాటింది, నాలుగు దాటింది. ఇంజను గొంతు పెంచేసింది. ఫ్రెడ్డీ తండ్రి వైపు ఒక్కసారి చూశాడు. చిన్నప్పుడు గుప్పిట్లో ఏదో దాచి, కనుక్కో నాయనా అని చెయ్యి చాపేటప్పుడు ఉండే ముఖం అది.

"ఇప్పుడు చూడు. ఇంకొంచెం..."

అప్పుడే సమాధానం కుడిచెయ్యి వెళ్ళింది. క్లచ్చు తొక్కలేదు, ఏమీ లేదు, లివరు పట్టి గుంజేసింది. గేర్‌బాక్సు గరగరమని ఏడ్చింది. కారు కుదుపుకు షారన్ ముందు సీటుకు గుద్దుకుంది.

"ఇంజన్ని చంపుతుండావు గదరా! ఎవుడు నేర్పినాడు నీకు డ్రైవింగు?"

నేర్పింది తనే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఫ్రెడ్డీ కారు వెనక్కి తిప్పి, ఇల్లు చేరేదాకా తండ్రి నేర్పినట్టే నడిపాడు. ఎక్కడా అరుపు లేదు, కుదుపు లేదు. ఎల్ బోర్డు పరీక్షకు కూర్చున్నవాడి కంటే బుద్ధిగా నడిపాడు. సమాధానం ఆ రోజు తనే గెలిచాననుకున్నాడు. ఆ తర్వాత కొడుకు తనను ఆ కారులో కూర్చోమని అడగలేదు.

రెండు నెలలకు వానల్లో, గుంటలో ఆగిపోయిన ఏరియేటరును చూద్దామని ఫ్రెడ్డీ నీళ్ళలోకి దిగాడు. ఎక్కడో కరెంటు తీగ పైతొడుగు ఊడి నీళ్ళను తాకుతోందని ఎవరికీ తెలియదు. గట్టు మీద ఉన్నవాళ్ళు మెయిను ఆపేసరికి అంతా అయిపోయింది. ముప్పై నాలుగేళ్ళవాడు. ఆదరణ కూడికలో పాస్టరు గారు ఏం వాక్యం చెప్పారో సమాధానానికి ఒక్క ముక్క గుర్తులేదు. ఫ్యాను తిరిగే చప్పుడు మాత్రం గుర్తుంది.

కారు గేటు పక్కనే గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. గాలికి ఆ గుడ్డ కదిలినప్పుడల్లా, ఫ్రెడ్డీ తల్లి పుష్పకుమారి పొయ్యి మీద ఉన్నది అలాగే వదిలేసి బయటికి వచ్చి చూసేది. చివరికి ఆవిడే చెప్పేసింది, "అది ఈడుంటే నేనుండలేను," అని. షారన్ కాదనలేదు. సమాధానం కూడా తలూపాడు. ఊపాక గానీ తెలియలేదు, తను దేనికి తలూపాడో.

మధుబాబు వస్తానన్న రోజు పొద్దున వాయుగుండమని రేడియోలో చెప్పారు. ఆకాశం నేల మీదికి వంగి ఉంది. సమాధానం ఎవరికీ చెప్పకుండా తాళం చెవి తీసుకుని, గుడ్డ మడిచి గోడ మీద పెట్టి, కారు బయటికి తీశాడు. తుమ్మలపెంట రోడ్డు మీద ఒక పాలబండి, రెండు గేదెలు తప్ప ఎవరూ లేరు. గుంటల్లో ఏరియేటర్లు నీళ్ళను చిలుకుతున్నాయి. వాటి వైపు చూడకూడదని గట్టిగా అనుకుని ముందుకే చూశాడు.

మూడో గేరు వేశాడు. కాలు నొక్కాడు. ముల్లు మూడు వేలకు వచ్చింది. ఎడమచెయ్యి వెళ్ళి నాలుగు వేసేసింది.

తనను తాను తిట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే. ఈసారి ఇలా కాదని రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. చెయ్యి ఆగింది గానీ, ఇంజను గొంతు పెంచగానే కాలు దానంతటదే పైకి లేచిపోయింది. చెయ్యీ కాలూ కూడబలుక్కుని ఆయన మీద కుట్ర చేస్తున్నట్టుంది. ఊరందరి చేతులకూ నేర్పిన పాఠం అందరికంటే ముందు తన ఒంటికే ఎక్కి కూర్చుందని, దాన్ని దింపడం ఇక ఈ జన్మలో కాదని ఆయనకు అర్థమైంది. కారు పక్కకు తీసి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. అంత్యక్రియల రోజు కూడా అలా ఏడవలేదు.

ఇంటికి వచ్చేసరికి షారన్ గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో చీపురు ఉంది గానీ ఊడ్చిన గుర్తులేమీ లేవు.

"వచ్చిందా మామా?"

"ఏంది?"

"అదే."

అబద్ధం చెబుదామనుకున్నాడు. నోరు రాలేదు. "రాలేదమ్మా. నేనే రానీలేదు."

షారన్ చీపురు గోడకు ఆనించింది. "అటు జరగండి. నేను తోలతాను."

"నీకు నేర్పింది కూడా నేనే గదమ్మా. నీ చెయ్యి మాత్రం ఆగతాదా?"

"మీరు నేర్పినాక మీ అబ్బాయి మళ్ళీ నేర్పినాడు."

"ఎప్పుడు?"

"మీరు డ్రైవింగు నేర్పేదానికి పోయినాక. అట్టా బీచి దాకా పోయి వచ్చేవాళ్ళం. మన వీధి మలుపు కాడికి వచ్చేసరికి నిదానం చేసేసేవాళ్ళం, మీరు ఇంటికి వచ్చేసుంటే వినబడతాదని."

తన ఇంట్లో, తన వెనక, తన చెవులకు భయపడుతూ ఇంత సంతోషం జరిగిందన్నమాట. ముందు కోపం వచ్చింది. అది నిలబడలేదు. వాళ్ళు ఆ మలుపు దగ్గర నోరు మూసుకుని నవ్వుకుంటూ వచ్చి ఉంటారనుకుంటే, ఆ నవ్వు వినే భాగ్యం తనకు లేకపోయిందే అనిపించింది. కారు దిగి అటు తిరిగి వెళ్ళి, ఎడమ సీట్లో కూర్చున్నాడు. కుడిచేతిని తొడ కింద పెట్టి, దాని మీద బరువంతా వేసి కూర్చున్నాడు.

షారన్ చూసీ చూడనట్టు బండి స్టార్టు చేసింది.

చినుకులు మొదలు కాలేదు, గాలి మాత్రం ఉప్పుగా ఉంది. తిన్నటి రోడ్డు రాగానే షారన్ రెండు నుంచి మూడు వేసి, కాలు నిలకడగా కింది దాకా తొక్కింది. ఆమె ముల్లును చూడడం లేదు. రోడ్డునే చూస్తోంది. ముల్లును చూస్తున్నవాడు సమాధానం.

మూడు వేలు. తొడ కింద చెయ్యి గంపకింద కోడిపెట్టలా కొట్టుకుంది. ఎడమ కాలు, కుడి కాలు రెండూ లేని క్లచ్చును, లేని బ్రేకును వెతుక్కుంటూ కిందున్న పట్టాను తొక్కాయి. నాలుగు వేలు. చప్పుడు పెరిగింది, లాగడం పెరగలేదు. ఇక నా దగ్గర ఏమీ లేదు, వదిలిపెట్టండి అన్నట్టుగా ఉంది ఇంజను పద్ధతి. సరిగ్గా ఇక్కడే మనుషులందరూ జాలిపడి గేరు మారుస్తారు. ఆయనా ముప్పై ఏళ్ళుగా ఇక్కడికి రాకముందే మార్పిస్తూ వచ్చాడు. నాలుగున్నర దగ్గర "చాలమ్మా" అన్న మాట గొంతు దాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగేశాడు.

అయిదు దాటింది.

గొంతు మారింది. పెద్దదవడం కాదు, వేరేదవడం. అంతదాకా గొణిగి, కసిరి, ఆయాసపడిన మోత ఒక్కసారిగా తేటపడి, గట్టిపడి, ఒకే సన్నని తీగ మీదికి ఎక్కింది. సీటు వెనక నుంచి ఎవరో వీపుకు చెయ్యి ఆనించి నెట్టారు. అయిపోయిందనుకున్న ఇంజను కొత్తగా బయలుదేరింది. ఇప్పటి దాకా జరిగింది ఊరికే నడవడం, అసలు పరుగు ఇదీ అన్నట్టు కారు రోడ్డును లాక్కుంటూ పోతోంది. పక్కన గుంటలు గుంటలుగా కనిపించడం లేదు, ఒకే నీళ్ళ చారగా వెనక్కి పోతున్నాయి. అది ఏడుపు కాదు. చావు అసలే కాదు. ఇన్నేళ్ళూ తను ఏ చోట చెయ్యి అడ్డం పెట్టాడో, ఆ చోటు దాటాక ఇంత ఉందని ఆయనకు తెలియనే తెలియదు. తొడ కింద చెయ్యి ఎప్పుడు కొట్టుకోవడం మానేసిందో కూడా చూసుకోలేదు. ముఖమంతా నవ్వు పరుచుకుంది. కొడుకు పోయాక వచ్చిన మొదటి నవ్వు, ఆయన ప్రమేయం లేకుండా వచ్చింది.

"నిజమేరా!" అని అరిచాడు. "నువ్వు చెప్పిందే నిజం రా ఫ్రెడ్డీ..."

అంటూ కుడివైపుకు తిరిగాడు.

స్టీరింగు దగ్గర షారన్ ఉంది. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. కాలు మాత్రం తీయలేదు. ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్ళే దాకా అలాగే పట్టుకుని, అప్పుడు నెమ్మదిగా నాలుగు వేసింది. ఇంజను మామూలు గొంతుకు వచ్చేసింది. రోడ్డు చివర సముద్రం బూడిద రంగులో ఉంది.

"ఇంకోసారి పోదామా మామా?" అంది షారన్.

"వద్దులేమ్మా."

అదేమిటో తెలిస్తే గుండె కాస్త తేలికపడుతుందనుకున్నాడు పాపం. తెలిసింది. తెలిసిన మరుక్షణం దాన్ని ఒకడికి చెప్పాలి, ఆ ఒకడు లేడు. తెలియనప్పుడు కనీసం వాడిదే తప్పని సర్దిచెప్పుకునే వీలుండేది. ఇప్పుడు అది కూడా పోయింది.

మధ్యాహ్నం మధుబాబు చెప్పిన వేళకే వచ్చాడు. మర్యాద తెలిసిన కుర్రవాడు. కారు తీసుకుని ఒక్కడే ఒక చుట్టు తిరిగి వచ్చాడు. దిగేటప్పటికి ముఖం వెలిగిపోతోంది. బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఇంజను భలే ఉండాది సార్. పై దాకా ఏమాత్రం తడబడకుండా పోతుండాది. ఎప్పుడూ గురగురమనిపిస్తా తోలుంటే ఇట్టా ఉండేది కాదు. మంచి చెయ్యి పడింది దీని మీద. ఎవరు తోలేవాళ్ళు?"

"మావాడు."

మధుబాబు గోడకున్న డ్రైవింగు స్కూలు బోర్డు చదివాడు. "అదీ సంగతి. మీరే నేర్పించుంటారు సార్."

పుష్పకుమారి లోపల తలుపు వెనక నిలబడి ఉంది. షారన్ కాగితాలు పట్టుకుని మెట్ల మీద ఆగింది. సమాధానం తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"లేదబ్బయా," అన్నాడు. "వాడే నాకు నేర్పబోయినాడు. నేను నేర్చుకోలా."