ఏడు పుస్తకాల వార్డు

ఒంటిగంట బెల్లు కొట్టగానే చొక్కాల కార్ఖానాలో నలభై మంది ఆడవాళ్లు మిషన్లు ఆపి, ఒళ్లోని దారప్పోగులు దులుపుకుని, అన్నం డబ్బాలతో ఎదురుగా ఉన్న లైబ్రరీకి వెళ్లేవాళ్లు. లైబ్రరీ అంటే ఒక గది, మూడు బీరువాలు, కిర్రుమనే ఒక ఫ్యాను. దాన్ని చూసుకునే పెద్దమ్మ అప్పటికే పుస్తకం తెరిచి, కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చునేది. వాళ్లు తింటుంటే ఆవిడ చదివేది. రెండు కాగానే, పాఠం ఎంత రసకందాయంలో ఉన్నా సరే, పేజీలో దారం పెట్టి మూసేసేది.

ఆ ఊళ్లో మనసుపెట్టి చదివిన పేజీ తెల్లబడిపోతుంది. పైపైన తిరగేస్తే ఏమీ కాదు. శ్రద్ధగా చదివితే మాత్రం అక్షరాలు చదివినవాళ్లలోకీ విన్నవాళ్లలోకీ వెళ్లిపోతాయి. అందుకే పుస్తకాన్ని ఒక్కరే చదివేసుకోవడం ఆ వార్డులో పెద్ద తప్పు కింద లెక్క. నలభై మందికీ కలిపి పెద్దమ్మ పేరున ఒకటే కార్డు. తర్వాత ఎవరికైనా ఆ పుస్తకం కావాలంటే విన్నవాళ్లను అడగాలి. కాజాలు కుట్టే వదిన గుండెజబ్బుల పుస్తకం మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పేది. ఆవిడ మాట విని వేళకి ఆసుపత్రికి పరిగెత్తి బతికినవాళ్లు ఆ వీధిలోనే ముగ్గురున్నారు.

ఆ ఏడాది, చదువులో ఏ నగరం ఎన్నోదో ర్యాంకులు ఇస్తామన్నారు. ఒక్కో నగరాన్నీ వార్డులవారీగా కొలుస్తారట. అట్టడుగున తేలిన వార్డులో లైబ్రరీ దండగ కాబట్టి మూసేస్తారట. ఆ మాట విన్న దగ్గర్నుంచి పెద్దమ్మకు అన్నం సరిగా సయించలేదు.

సర్వే అమ్మాయి సరిగ్గా భోజనాల వేళకి వచ్చింది.

"డిగ్రీ చదివినవాళ్లు ఎంతమంది పెద్దమ్మా?"

"పదో తరగతి దాటినవాళ్లే ఇద్దరమ్మా."

"కార్డులు?"

"ఒకటి."

"పుస్తకాలు?"

"తొమ్మిది వందల పన్నెండు," అంది పెద్దమ్మ, ఈసారి కాస్త గొంతు పెంచి.

అమ్మాయి బీరువాలు తెరిచి ఒక్కొక్కటే తీసి చూసింది. "ఇవన్నీ తెల్ల కాగితాలే కదా. అక్షరాలున్నవి ఏడే ఉన్నాయి."

"మిగతావి చదివేశాం కదమ్మా."

"అక్షరాలుంటేనే లెక్కలోకి తీసుకోమన్నారు."

"అంటే చదవకుండా దాచుకున్నవాళ్లకి మార్కులన్నమాట," అంది కాజాల వదిన, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

అమ్మాయి ఫారంలో ఏడు అని వేసింది. పొద్దున ఒక లాయరుగారి ఇంట్లో గాజు తలుపుల వెనక నాలుగు వేల పుస్తకాలు చూసి వచ్చింది. ఒక్క గీత వెలిసి ఉంటే ఒట్టు. ఆయన వార్డుకి పూర్తి మార్కులు వేసింది. ఇక్కడ మొహం చెల్లక కాజాల వదిన చేత ఒక అధ్యాయం చెప్పించుకుంది. రాయడానికి ఫారంలో గడి లేక, అంచున చిన్నగా "వీళ్లకు అన్నీ వచ్చు" అని రాసి, సంతకం పెట్టమని ఇచ్చింది.

"చదవకుండా సంతకం పెట్టడం నాకు చేతకాదమ్మా," అంది పెద్దమ్మ.

నలభై ఏళ్ల అలవాటు. ఫారం కూడా పైకే చదివింది. నాలుగు పేజీలు, వెనక చీమల్లాంటి అచ్చుతో సహా. తమ గది సంగతి కాబట్టి ఆడవాళ్లు తినడం ఆపి విన్నారు. అప్పటిదాకా ముప్పై వార్డుల్లో సంతకాలు పెట్టినవాళ్లలో ఒక్కరూ దాన్ని చదివిన పాపాన పోలేదు. రెండు నెలలుగా మోసుకు తిరుగుతున్న కాగితంలో ఏముందో సర్వే అమ్మాయి కూడా అప్పుడే మొదటిసారి వింటూ, ఆపాలన్న సంగతే మరిచిపోయింది. తేరుకుని చూసేసరికి ఫారం తెల్లగా ఉంది. తను వేసిన అంకెలు, అంచున రాసిన మాట, ఏవీ లేవు.

"ఇంకోటి లేదా తల్లీ?" అంది పెద్దమ్మ.

"వార్డుకి ఒకటే ఇచ్చారు పెద్దమ్మా."

ఖాళీ ఫారం అంటే జవాబు లేదని అర్థం అన్నారు ఆఫీసులో. ఆ వార్డును పక్కనపెట్టి లెక్క కట్టారు. దాంతో సగటు పెరిగి నగరానికి మొదటి ర్యాంకు వచ్చింది. కూడళ్లలో పెద్ద పెద్ద బోర్డులు పెట్టారు. జవాబు లేని వార్డుకు లైబ్రరీ ఎందుకని గదికి తాళం వేసి నోటీసు అంటించారు. ఆడవాళ్లంతా కలిసి కసిగా ఆ నోటీసు చదివేశారు. నోటీసు తెల్లబడింది. తాళం అలాగే ఉంది.

"నా చాదస్తమే కొంప ముంచింది," అని పెద్దమ్మ కార్ఖానా మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఎవరూ ఆవిడని తప్పుపట్టలేదు. అదే ఆవిడకి ఇంకా కష్టంగా ఉంది.

సర్వే పని అయిపోయిన అమ్మాయి ఒకరోజు కలం పట్టుకుని వచ్చింది. పెద్దమ్మ తన ఇంట్లో ఉండిపోయిన లావుపాటి ఖాళీ పుస్తకం తెచ్చి ఇచ్చింది. పదకొండు రోజులు, భోజనాల వేళ, ఎవరిలో ఏ పుస్తకం ఉందో ఒక్కొక్కరే చెప్పారు, అమ్మాయి రాసింది. సరిచూసుకుంటే పోతుంది కాబట్టి తప్పుల్ని తప్పుల్లాగే వదిలేసింది. చివర "మా గది తెరవండి" అని రాసి ఆఫీసులో ఇచ్చారు.

అప్పటినుంచి ప్రతి సోమవారం పెద్దమ్మ ఆఫీసుకి వెళ్తుంది. ఒక్క పేజీ వెలిసినా చాలని ఆశ. కార్ఖానాలో ఇప్పుడు మిషన్ల దగ్గరే కూర్చుని, మాట్లాడుకోకుండా తింటున్నారు. ఈమధ్య కాజాల వదిన కూడా రెండు అధ్యాయాల మధ్య తడుముకుంటోంది.

"ఎవరైనా చదివారా బాబూ?" అని ఈ సోమవారం కూడా ఆఫీసు గుమాస్తాని అడిగింది పెద్దమ్మ.

గుమాస్తా మంచివాడు. విసుక్కోకుండా ఇనప బీరువా తెరిచి, గుడ్డతో దుమ్ము తుడిచి, పుస్తకం మధ్యకు తెరిచి చూపించాడు. "చూడండి, ఎంత భద్రంగా ఉంచానో. ఒక్క అక్షరం పోలేదు."

"పోనీ, నువ్వైనా చదవకూడదా?"

"ఇంకేమన్నా ఉందా పెద్దమ్మా, చదివితే ఖాళీ అయిపోదూ? రికార్డు పోగొట్టానని నా ఉద్యోగం పీకేస్తారు. మీరు దిగులు పడకండి. వచ్చే సర్వేలో నగరం పుస్తకాల్లో దీన్నీ కలుపుతామన్నారు."

తెరిచిన పేజీలో కాజాల వదిన చెప్పిన గుండెజబ్బుల పాఠం అమ్మాయి వంకర రాతలో నల్లగా ఉంది. చూపు మొదటి మాట మీద పడబోతుంటే పెద్దమ్మ తల పక్కకి తిప్పేసుకుంది.