సంతోషమ్మ లాడ్జికి కార్డు మిషను

దసరా సెలవులు దగ్గర పడ్డాయి. అరకు స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న లాడ్జిలో గదులకు సున్నాలు పడ్డాయి, పరుపులు ఎండలో పడ్డాయి. సంతోషమ్మ మనసు మాత్రం కుదుటపడడం లేదు.

అంతకుముందు ఏడు కలకత్తా నుంచి వచ్చిన ఒక కుటుంబం సామాన్లన్నీ దించాక కార్డు చూపించింది. ఇక్కడ చెల్లదనేసరికి మళ్ళీ జీపెక్కి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ మరిది సమూయేలుది ఒకటే పోరు.

"ఈ యేడైనా కార్డు గీకే మిషను పెట్టకపోతే మన గదుల్లో గబ్బిలాలే దిగుతాయి వదినా," అనేవాడు.

భర్త జాకబ్ పోయి రెండేళ్ళయింది. వంట, గదులు, దుప్పట్లు ఆమె చూసుకునేది. కౌంటరూ పెట్టె తాళమూ సమూయేలువి. విశాఖలో నర్సింగు చదువుతున్న కూతురికి ఫీజు కట్టాలన్నా, పప్పులు తేవాలన్నా అతన్నే అడిగేది. అతను ఏనాడూ లేదనలేదు.

ఆ శుక్రవారం సంత నుంచి ఆమె కూరలతో వచ్చేసరికి వరండాలో ఒక కొత్త మనిషి టీ తాగుతున్నాడు. పేరు జగదీష్. విశాఖలో ఒక ప్రైవేటు బ్యాంకు తరఫున దుకాణాలకు మిషన్లు ఇప్పిస్తుంటాడు.

"ఫోను వైరుకి తగిలించడమే మేడం. వారంలో వచ్చేస్తుంది. వందకి రెండు రూపాయలు కమిషను, నెలకి కొంచెం బాడుగ, అంతే."

"డబ్బులు ఎక్కడికెల్తాయి?"

"సమూయేలు గారికి కాఫీ గింజల వ్యాపారం ఖాతా ఉంది కదా, అందులో పడతాయి. లాడ్జి లైసెన్సు కూడా ఆయన పేరుకే మార్పిస్తే పని సులువు. మీకు అభ్యంతరం లేదని ఒక్క సంతకం పెడితే చాలు."

సమూయేలు పెన్ను అందించాడు. ఆమె తీసుకుంది. కాగితంలో జాకబ్ పేరు కనిపించింది, దాని కింద సమూయేలు పేరు. చేతికి అంటిన మట్టి చీరకు తుడుచుకునే నెపంతో పెన్ను పక్కన పెట్టేసింది.

"సూసి సోమారం సెప్తాను."

"సూడ్డానికేటుంది వదినా, ఇందులో? సీజను ముంచుకొచ్చేత్తంది."

"సోమారం," అంది మళ్ళీ.

మర్నాడు పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే చూస్తూ నిలబడింది. బియ్యం పొయ్యాలన్న సంగతే గుర్తు లేదు. విశాఖ దారిలో ఉన్న టైడాలో తేనె, వెదురు బుట్టలు అమ్మే సోములమ్మ ఇలాంటి మిషనే పెట్టిందని సంతలో ఎవరో అనుకుంటుంటే ఆమె విన్నది. వంట పనిమనిషికి అప్పజెప్పి, ఎక్కడికో చెప్పకుండా విశాఖ బస్సెక్కింది. ఘాటు రోడ్డు మలుపుల్లో కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చుంది. తనేదో దొంగతనానికి పోతున్నట్టుంది ఆమెకు.

సోములమ్మ దుకాణంలో మిషను ఒక మూల ప్లాస్టిక్ గుడ్డ కప్పుకుని ఉంది.

"వానొత్తే ఫోను పోతాది. ఫోను పోతే ఇది రాయే," అంది సోములమ్మ. "బాడుగ మాత్తరం నెలనెలా ఖాతాలోంచి లాగేత్తారు."

"ఎవరి ఖాతాలోంచి?"

"నా ఖాతాలోంచే. మరెవరిది?"

సోములమ్మ ఆ మాట మామూలుగానే అంది. దుకాణంలో ఉన్న కాసేపూ సంతోషమ్మ చెవుల్లో అదే మోగింది. ఇంకో బ్యాంకు నుంచి రాజకుమారి అనే అమ్మాయి సెల్లు సిమ్ముతో నడిచే మిషను తెచ్చి చూపించిందని చెప్పి, సోములమ్మ ఆమె ఫోను నంబరు ఇచ్చింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక సంతోషమ్మ చర్చి పక్క టెలిఫోను బూతు నుంచి ఫోను చేసింది. రాజకుమారి సోమవారం విశాఖ నుంచి కిరండూల్ పాసింజరు రైల్లో వచ్చింది. సంచీలోంచి మిషను తీసి కౌంటరు మీద పెడితే సిగ్నలు లేదు. వరండాలో వచ్చి పోయింది. మేడ మెట్ల మలుపులో మాత్రం సిగ్నలు నిలిచింది.

"ఉన్నమాట చెప్తానక్కా. మా కమిషను ఎక్కువ. వానలప్పుడు ఇదీ ఒక్కోసారి మొరాయిస్తుంది. ఫోను లైనంత కాదు," అంది. "లైసెన్సు, ఖాతా మాత్రం ఒక్క పేరు మీదే ఉండాలి. లైసెన్సు ఎవరిది?"

"పోయిన మా ఆయనది."

"అయితే ముందు మీ పేరుకి మార్పించుకోండి. ఆఫీసుల చుట్టూ బేగి తిరగాలి మరి."

ఆమె వెళ్ళాక సమూయేలు వంటింట్లోకి వచ్చాడు. వరండాలోంచి అంతా విన్నాడు.

"నీకు ఖాతా ఏదీ?"

"తీత్తాను."

"అంటే నాను తినేత్తాననా?"

"తిన్నావని నానన్నానేటి? ఇశాఖలో సదూతున్న గుంటకి సెప్పులు కావాలన్నా నిన్నడగాలి. నువ్వు ఇత్తావు, కాదన్ను. ఆ అడగడం నావల్ల కావట్లేదు సమూయేలూ."

అతను జేబులోంచి పెట్టె తాళాలు తీశాడు.

"అన్న పోయినకాడ్నుంచీ నా యాపారం ఒగ్గేసి ఇక్కడే పడున్నాను."

"అందుకే, వచ్చినదాంట్లో నీకు వాటా రాసిత్తాను."

"వాటాలు బయటోళ్ళకి రాత్తారు వదినా."

తాళాలు బియ్యం డబ్బా మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె పిలవలేదు. పిలిస్తే తన మాట తనే వెనక్కి తీసుకుంటానేమోనని భయపడింది.

ఆ తర్వాత పంచాయతీ ఆఫీసు, మండలాఫీసు, బ్యాంకు. ఒకచోట జాకబ్ మరణ పత్రం అడిగారు, ఒకచోట ఫోటోలు చాలవన్నారు, ఒకచోట సారు పాడేరు వెళ్ళారన్నారు. అక్కడ నిలబడితే లాడ్జిలో గదులు గుర్తొచ్చేవి, లాడ్జిలో ఉంటే ఆఫీసు మూసేస్తారేమోనని కాలు నిలిచేది కాదు. కౌంటరు దగ్గర ఎవరూ లేక కొందరు తిరిగి వెళ్ళిపోయారు. సమూయేలు మాటే సరైనదేమోనని ఆ రోజుల్లో ఎన్నోసార్లు అనుకుంది.

మిషను వచ్చేసరికి సెలవులు సగం అయిపోయాయి. మొదటి కార్డు ఒక ముసలి బెంగాలీ ఆయనది. ఆమె గీకింది. లైను లేదని మిషను మీద అక్షరాలు వచ్చాయి. మిషను పట్టుకుని మెట్ల మలుపుకు పరుగెత్తింది, ఆయనా రొప్పుతూ వెనకే ఎక్కాడు. ఇద్దరూ అక్కడ నిలబడగా మిషను కరకరమంటూ చీటీ కక్కింది. ఆయన నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఆ సొమ్ము ఖాతాలో పడిందని బ్యాంకులో కళ్ళారా చూసుకున్నాకే ఆమెకు అన్నం సయించింది.

వలిసె పూలు కొండవాలంతా పచ్చగా పరుచుకున్న రోజుల్లో గేటు ముందు ఒక జీపు ఆగింది. నడుపుతున్నది సమూయేలు. జీపు బాడుగకు తీసుకుని బొర్రా గుహలకు మనుషుల్ని తిప్పుతున్నాడని ఆమె వింది కానీ, అతను మళ్ళీ ఇటు రావడం అదే మొదలు. వెనక సీట్లో కొత్త దంపతులు ఉన్నారు.

"ఈళ్ళ దగ్గర నోట్లు అయిపోనాయట. ఏటీఎం మూసేసుంది," అన్నాడు, దిగకుండానే. "నీ మిషను మీద నా బాడుగ గీకుతావేటి?"

ఆమె వాళ్ళను మెట్ల మలుపుకు తీసుకెళ్ళి గీకించింది. కిందికి వచ్చేసరికి సమూయేలు గేటు దాకా వచ్చి ఆగాడు. తన డబ్బు ఇప్పుడు ఆమె ఖాతాలో పడుతుంది. అది ఎప్పుడిస్తావని అడగడానికి నోరు రాక మట్టిని బూటుతో తన్నుతున్నాడు.

ఆమె అడగనివ్వలేదు. సొరుగులోంచి నోట్లు తీసి చేతిలో పెట్టింది.

"బ్యాంకులో పడ్డాక ఇద్దువు," అన్నాడు.

"అందాకా డీజిలెవడు పోత్తాడు?"

అతను నోట్లు జేబులో పెట్టుకున్నాడు. కొంచెంసేపు లాడ్జి మేడ వంక చూశాడు.

"గుంటకి పరీచ్చలు అయిపోనాయా?"

"వచ్చే వారంతో అయిపోతాయి."

"నానే ఎల్లి జీపులో తెత్తాను. ఘాటులో బస్సంటే దానికి వాంతులు."

"తీసుకురా," అంది సంతోషమ్మ.

లోపలికి రమ్మని ఆమె అనలేదు. అతనూ అడుగు వెయ్యలేదు. జీపు స్టార్టయి స్టేషను వైపు తిరిగింది. పై గది వాళ్ళు పిలుస్తుంటే ఆమె మెట్లెక్కింది.