సీళ్ళు వేసిన కంప్యూటర్

పరీక్షల మాస్టారికి ఎవరి మీదా నమ్మకం లేదని ఇంట్లోవాళ్ళు అంటారు. అది పూర్తిగా నిజం కాదు. తన మీద తనకు బోలెడు నమ్మకం. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి, అందులో ఇరవై ఏళ్ళు ప్రశ్నపత్రాల గదికి కాపలా కాసిన మనిషి. జేబులో చెయ్యి పెట్టుకుని వచ్చే పిల్లవాణ్ణి చూస్తే, లోపల చీటీ ఉందో రుమాలు ఉందో నడకను బట్టే చెప్పేవారు. రిటైరయ్యాక కాపలా కాయడానికి మిగిలింది ఒక్క పాత కంప్యూటరే. అందులో ఆయన పన్నెండేళ్ళుగా తయారుచేస్తున్న జ్యామితి పుస్తకం ఉంది. పన్నెండు వందల లెక్కలు, అన్నీ సొంతంగా కట్టినవి. రెండో ప్రతి లేదు. ప్రతి ఉంటే దాన్ని ఎత్తుకుపోయేవాడూ ఉంటాడని ఆయన వాదన.

ఆ కంప్యూటరు మూడు వారాలుగా మొండికేస్తోంది. పెట్టిన పావుగంటకు తెర మీద బాణం గుర్తు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కీబోర్డు ఎంత బాదినా ఉలుకూ పలుకూ ఉండదు. ఆపి మళ్ళీ పెడితే ఒక్క కూత కూసి, నల్ల తెర చూపించి ఊరుకుంటుంది. గంట ఆగి పెడితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. నిన్నయితే లేచింది గానీ, తెర మూల పదిహేనేళ్ళ కిందటి తేదీ చూపించింది.

అది చూడగానే మాస్టారికి విషయం అర్థమైపోయింది. ఎవరో వేలు పెట్టారు. పెట్టిన రోజు బయటపడకుండా తేదీ వెనక్కి తిప్పారు. ఎవరో అని మర్యాదకు అనుకోవడమే గానీ ఆ వేలు ఎవరిదో ఆయనకు తెలుసు. తోడల్లుడిది.

తోడల్లుడు కూడా లెక్కల మాస్టారే, అదే అసలు గొడవ. పోయిన నెల భార్యతో వచ్చి నాలుగు రోజులున్నాడు. మూడో రోజు మాస్టారు స్నానం చేసి వచ్చేసరికి కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. రైలు టైము చూస్తున్నానన్నాడు. రైలు టికెట్టేమో అతని చొక్కా జేబులోంచి తొంగి చూస్తోంది. మాస్టారు అప్పుడేమీ అనలేదు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, లోపలికి వచ్చి కంప్యూటరుకు సీళ్ళు వేశారు. ప్రశ్నపత్రాల కట్టలకు వేసినట్టే కాగితం పట్టీలు కోసి, జిగురు రాసి, మరల మీదా సందుల మీదా కన్నాల మీదా అంటించారు. సంతకం సగం పట్టీ మీద, సగం డబ్బా మీద పడేలా పెట్టారు. మొత్తం ముప్పై నాలుగు సంతకాలు. ఇక ఎవరి పప్పులూ ఉడకవనుకున్నారు.

మెకానిక్ పొద్దున్న పదింటికి వచ్చింది. నలభై దాటిన మనిషి, దుకాణం రెండు వీధుల అవతల. డబ్బా అక్కడికి పంపడానికి మాస్టారు ససేమిరా అన్నారు కాబట్టి తనే సంచీ భుజాన వేసుకుని వచ్చింది. మాస్టారు ఆమెకు కుర్చీ చూపించి, ఆమె చేతులు కనిపించేచోట తన కుర్చీ వేసుకున్నారు.

"ఈ కాగితాలేంటి మాస్టారూ?"

"సీళ్ళు. నేను చూసుకుని తీస్తాను. నువ్వు ముట్టుకోకమ్మా."

ముప్పై నాలుగూ భూతద్దంతో చూసి తీసేసరికి అరగంట పట్టింది. ఒక్కటీ చెదరలేదు. అంటే తోడల్లుడు ముందే లోపల ఏదో వదిలి వెళ్ళాడన్నమాట.

ఆమె పక్క రేకు తీసింది. లోపల ఫ్యాను రెక్కలకు దుమ్ము దూదిలా పట్టి ఉంది. "ఈ కన్నాలు గాలి పోవడానికి మాస్టారూ. ముక్కూ నోరూ మూసేసి పరిగెత్తమంటే ఇది ఎంతసేపని పరిగెడుతుంది? వేడెక్కి ఆగిపోతోంది. చల్లారాక లేస్తోంది."

"మరి తేదీ?"

ఆమె లోపలి బోర్డు నుంచి బొత్తామంత బ్యాటరీ ఊడదీసింది. "ఇది అయిపోయింది. పాతవాటికి మామూలే. ఎవరూ తిప్పలేదు."

"మనిషి తిప్పినా ఇలాగే కనిపిస్తుంది కదా" అన్నారు మాస్టారు. గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య మొహం అటు తిప్పుకుంది.

మెకానిక్ దుమ్ము దులిపి, కొత్త బ్యాటరీ వేసి, రేకు మూయకుండానే టేబుల్ ఫ్యాను అటు తిప్పి పెట్టింది. కంప్యూటరు లేచింది. కానీ లోపల ఏదో టిక్కు టిక్కుమంటోంది. ఆమె చెవి ఒగ్గి విని పెదవి విరిచింది.

"డిస్కు దెబ్బతింది. అసలే పాతది, ఈ వేడికి ఇంకా పాడైంది. ఇప్పుడు లేచింది, మళ్ళీ లేస్తుందని చెప్పలేను. మీ పుస్తకం ఇప్పుడే కాపీ తీద్దాం. నా దగ్గర ఖాళీ డిస్కు ఉంది, అందులోకి తీసి మీ చేతికే ఇచ్చేస్తాను."

మాస్టారు కుర్చీలోంచి సగం లేచారు. పన్నెండు వందల లెక్కలు పరాయి మనిషి డిస్కులోకి.

"ఆగమ్మా. ముందు ఒక కాగితం రాసుకుందాం."

"రెండు నిమిషాల పని మాస్టారూ."

"కాగితమూ రెండు నిమిషాలే."

ఆయన తెల్లకాగితం తీసి, స్కేలు పెట్టి మార్జిన్ గీశారు. ఇంకో ప్రతి ఉంచుకోనని మొదటి షరతు. ఎవరికీ చూపించనని రెండోది. "ఏమండీ, ముందు ఆవిణ్ణి తీయనివ్వండి" అంది భార్య. "నువ్వుండు" అని మూడో షరతు మొదలుపెట్టారు. అది సగంలో ఉండగా డబ్బా కీచుమంది. టిక్కులు ఆగాయి. బాణం గుర్తు నిలిచిపోయింది.

మెకానిక్ తీగలు మార్చింది. చల్లారనిచ్చి పెట్టింది. నాలుగుసార్లు పెట్టినా నల్ల తెర మీద డిస్కు దొరకలేదన్న ఒక్క లైనే వచ్చింది.

"పోయింది మాస్టారూ. పెద్ద వర్కుషాపుకు పంపి చూడొచ్చు గానీ, వస్తుందని నేను మాటివ్వలేను."

మాస్టారు పెన్ను మూత కోసం తడుముకున్నారు, అది చేతిలోనే ఉంది. పన్నెండేళ్ళు. మూడు షరతుల కోసం.

"మా చెల్లెలి ఆయన దగ్గర కాపీ ఉంది" అంది భార్య.

ఆయన తలెత్తారు.

"నేనే తీసి పెట్టమన్నాను. ఈ డబ్బా అప్పటికే గురగురమంటోంది. మీకు చెబితే తీయనివ్వరు. రైలు టైము అని అబద్ధమాడమన్నదీ నేనే."

దొంగను నెల కిందటే పట్టేశానని మాస్టారికి ముందు సంతోషం వేసింది. అది ఎంతోసేపు నిలవలేదు. ఇప్పుడు ఆ దొంగనే అడుక్కోవాలి. ఆయన ఫోను తీశారు.

"నీ దగ్గర నా పుస్తకం ఉందట."

"ఉందన్నయ్యా. వదిన కాపీ తీసి ఉంచమంది. పెన్‌డ్రైవు బీరువాలో పెట్టాను."

"ఎన్ని లెక్కలు చేశావు?"

"ఒక్కటీ చూడలేదన్నయ్యా. తెరవనే లేదు."

మాస్టారు మూడు రకాలుగా తిప్పి తిప్పి అడిగారు. మూడుసార్లూ అదే జవాబు. ఆ గొంతులో అబద్ధం లేదు, అది ఆయనకు తెలిసిపోతుంది. అప్పుడు ఆయనకు నిజంగా బాధ వేసింది, డిస్కు పోయిందన్నప్పటి కంటే ఎక్కువ వేసింది. ఇన్నేళ్ళు కంటికి రెప్పలా కాసిన పుస్తకం నెల రోజులు ఒక లెక్కల మాస్టారి ఇంట్లో ఉంది. అతనికి తెరిచి చూడాలని కూడా అనిపించలేదు.

"ఇప్పుడు తెరువు" అన్నారు.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మొదటి లెక్క పైకి చదువు."

బీరువా తలుపు చప్పుడైంది. అక్కడి కంప్యూటరు లేచాక తోడల్లుడు నెమ్మదిగా చదివాడు. వృత్తం, దాని బయట ఒక బిందువు, ఆ బిందువు నుంచి రెండు స్పర్శరేఖలు. చదివి ఆగిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాడు.

"ఇది తేలికగా కనిపిస్తోంది గానీ కాదన్నయ్యా" అన్నాడు. "ఉండండి, నన్ను చేయనివ్వండి. జవాబు చెప్పకండి."

జవాబు మాస్టారి నాలుక చివరే ఉంది. పళ్ళు బిగించి, ఫోను చెవికి ఆనించుకుని ఆయన అలాగే కూర్చున్నారు.