కర్ర లేనిదే కదలదు

బురదనేలలో తవ్వి పొయ్యిలో కాల్చే పీట్ మట్టిని మోసే బండి ఆర్డ్‌నగాల్ చేరింది. దానితో రావాల్సిన కర్ర మాత్రం రాలేదు.

ఆ కర్ర పెన్సిలంత ఉంటుంది. ఒక కొసకు ఇత్తడి పొన్ను, పొన్ను మీద రెండు స్టేషన్ల పేర్లు. డ్రమ్‌కొల్లకూ ఆర్డ్‌నగాల్‌కూ మధ్య ఒకటే లైను. డ్రైవరు దగ్గర కర్ర ఉంటేనే బండి ఆ లైను ఎక్కాలి. ఉన్నది ఒకే కర్ర కాబట్టి రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చే ప్రమాదం లేదు. పూర్వం అసలు రైల్వేలో అదే పద్ధతి. డ్రమ్‌కొల్ల చర్చివారి పారిష్ హాల్లో బల్లల మీద పరిచిన ఈ చిట్టి రైల్వేలోనూ అదే పద్ధతి.

ఇంగ్లండు దుకాణాల్లో అమ్మే ఇంజన్లను తెచ్చి ఇక్కడ పెడితే చక్రాలు పట్టాల మధ్య పడిపోతాయి. ఐర్లండు పట్టాల వెడల్పు ఎక్కువ. అందుకని ఈ చిట్టి రైల్వే క్లబ్బువాళ్లు ప్రతి చక్రాన్నీ ఇరుసు మీద బయటికి జరుపుకున్నారు, ప్రతి పట్టానూ చేత్తో అతికించుకున్నారు. వెడల్పులో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోనివాళ్లు కర్ర విషయంలో ఊరుకుంటారా?

ఊరుకోలేదు. అధ్యక్షుడు ఇగ్నేషియస్ డఫీ, అందరికీ ఇగ్గీ, ఆర్డ్‌నగాల్ సిగ్నల్ మీటల దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. మామూలు రోజుల్లో ఆయన మాంసం కొట్టు నడుపుతాడు. కత్తి పట్టినప్పటి మొహమే ఇప్పుడూ పెట్టాడు.

"అన్ని బండ్లూ ఆపండి," అన్నాడు.

అది ప్రదర్శన రోజు. బల్లల ముందు కట్టిన తాడుకు అవతల ఊరు ఊరంతా నిలబడి ఉంది. తడిసిన కోట్ల నుంచి ఆవిరి లేస్తోంది. బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

అట్రాక్టా గిల్‌హూలీ మీట మీంచి చెయ్యి తీసేసింది. డ్రమ్‌కొల్ల మీటల దగ్గర కుర్చీలో ఆమె కూర్చోవడం ఇవాళే మొదలు. క్లబ్బులో చేరిన నాటి నుంచీ ఆమెకు అప్పజెప్పిన పని వంటగదిలో టీ పొయ్యడం. ఆ కుర్చీ కోసం గంటల సంకేతాలన్నీ కంఠతా పట్టింది, చక్రాలు సర్దింది, చెట్లు అతికించింది. అయినా టీ పోస్తూనే ఉంది. చివరికి కుర్చీ దక్కింది ఎలాగంటే, మార్టిన్ షీరన్ అనే పెద్దమనిషి ఒక రోజు కర్రను జేబులో వేసుకుని ఇంటికెళ్లిపోయాడు. కర్ర పోగొట్టినవాళ్లు మళ్లీ మీట ముట్టుకోకూడదన్నది క్లబ్బు కట్టుబాటు. మార్టిన్ ఇప్పుడు వంటగదిలో టీ పోస్తున్నాడు.

అక్కడ ఇంకొకరికి చోటుంది.

కర్రను చివరిసారి పట్టుకున్నది ఇద్దరే. అట్రాక్టా దాన్ని పీట్ బండి డ్రైవరు పాస్కల్ టూహీకి ఇచ్చింది. అతను బల్లల వెనకాల బండి వెంబడి నడిచి, అవతల ఇగ్గీకి అందించాలి. పాస్కల్ ఊళ్లో దాణా లారీ నడుపుతాడు. అబద్ధాలకోరని పేరేమీ లేదు. అయినా ఆమె తన చేతిలో కర్ర పెట్టలేదనే అన్నాడు.

"పెట్టాను పాస్కల్."

"పెడితే ఏది మరి? మింగానా?"

"ఏమో. హామ్ శాండ్‌విచ్ అనుకున్నావేమో."

తాడు అవతల నవ్వులు. ఇగ్గీ నవ్వలేదు. నేలంతా వెతికించాడు. జేబులు తిప్పించాడు. బల్లల కింద తీగల మధ్యకు టార్చి పట్టించాడు. ముందువరసలో ఉన్న ఒక భారీ రైతుకు ఓపిక నశించింది. ఒక్క పుల్ల పోతే ఇంత రైల్వే ఆగిపోతుందా, కావాలంటే నా పెన్సిలు తీసుకుని నడుపుకోండి అన్నాడు.

"నీ పెన్సిలు మీద ఆర్డ్‌నగాల్ అని రాసుందా?" అన్నాడు ఇగ్గీ. రైతు పెన్సిలు మళ్లీ చెవి వెనక పెట్టుకున్నాడు.

అట్రాక్టా కుర్చీలోంచి కదల్లేదు. భయం పోయి, ఆ చోట్లో ఒక కుతూహలం పురుగులా తొలచడం మొదలుపెట్టింది. పోస్టాఫీసు కౌంటరులో జీవితమంతా పనిచేసిన మనిషి ఆమె. ఇచ్చిన వస్తువు ఎవరి ఏ చేతిలో పడిందో మరిచిపోదు. పాస్కల్ కుడిచేతిలో బండి నడిపే కంట్రోలు పెట్టె ఉంది. అందుకున్నది ఎడమచేత్తో. ఆ వేళ్లు తన వేళ్లకు తగిలాయి.

వెచ్చగా తగిలాయి.

హాలు చలికి అందరి చేతులూ కొయ్యబారి ఉన్నాయి. ఆ ఒక్క చెయ్యి మాత్రం ఎందుకు వెచ్చగా ఉంది?

పాస్కల్ ముందు బల్ల అంచున టీ కప్పు కనిపించింది. సగం ఖాళీ. అంటే కప్పు పట్టుకున్న చేత్తోనే, రెండు వేళ్ల సందున కర్రను అందుకున్నాడు. ఒక చేతిలో పెట్టె, ఒక చేతిలో కప్పూ కర్రా. అలా ఎవరైనా ఎంతదూరం నడుస్తారు? కర్రను ఎక్కడో దించి ఉంటాడు. ఎక్కడ?

అడిగితే గుర్తులేదంటాడు. నిజంగానే గుర్తుండదు. టీ తాగేవాడికి కప్పు దించిన చోటే గుర్తుండదు.

"ఇగ్గీ," అంది. "కర్ర పోతే అసలు రైల్వేలో ఏం చేసేవాళ్లు?"

ఇగ్గీ గొంతు సవరించుకున్నాడు. ఆయనకు ఇలాంటి ప్రశ్నంటే పండగ. కర్ర పోతే ఒక మనిషినే కర్రగా నియమించేవారని చెప్పాడు. ఎర్రపట్టీ చేతికి కట్టుకుని ఆ మనిషి ప్రతి బండితోనూ వెళ్లాలి. అతను లేని బండి ఆ లైను ఎక్కకూడదు. ఉన్నది ఒక్క మనిషే కాబట్టి లెక్క సరిపోతుంది.

"అయితే నన్ను కర్ర చెయ్యి."

ఇగ్గీ ఆలోచించాడు. పోగొట్టిందన్న అనుమానం ఉన్న మనిషినే కర్రను చెయ్యడం సబబేనా? కానీ కట్టుబాటు మీటలు ముట్టుకోవద్దంది గానీ నడవద్దనలేదు. చివరికి వంటగదిలోంచి ఎర్ర టీ తువ్వాలు తెప్పించి ఆమె మోచేతి పైన తానే ముడేశాడు.

"తప్పిపోకు అమ్మాయ్. ఇంకో కర్ర లేదు," అన్నాడు.

నియమం ప్రకారం ఆమె బండి పక్కనే ఉండాలి. బల్లల వెనకాల తీగలూ పెట్టెలూ అడ్డం. అందుకని తాడు దాటి, జనం వైపు నుంచి ఆర్డ్‌నగాల్ కొసకు వెళ్లింది. ఇన్నాళ్లలో ఈ రైల్వేను ముందు నుంచి ఆమె చూడలేదు. క్లబ్బువాళ్లెవరూ చూడరు. వాళ్లకు తెలిసింది కొండల వెనక అట్ట, ఇళ్ల వెనక జిగురు.

ఆర్డ్‌నగాల్ నుంచి ఆకుపచ్చ ఇంజను రెండు పెట్టెలతో కదిలింది. అట్రాక్టా నడుం వంచి, కళ్లు పట్టాల ఎత్తుకు దించి, పక్కనే నడిచింది. జనం దారిచ్చారు. బొమ్మ ఆవులను దాటింది, బొమ్మ చర్చిని దాటింది. తర్వాత వాగు, దాని మీద రైలు వంతెన, ఆ వెంటనే లైను మీదుగా పోయే రోడ్డు వంతెన. రోడ్డు వంతెన గోడకు కొత్తగా ఒక గీత పడి ఉంది. సున్నం పెచ్చు లేచిపోయింది.

"ఆపు," అంది.

బండి ఆగింది. వాగు ఒడ్డున రెల్లుగడ్డిలో, నిగనిగలాడే వార్నిషు నీళ్ల మీద ఒక దుంగ పడి ఉంది. దాని కొస పసుపుగా మెరిసింది.

"నేనూ ఇందాకణ్ణుంచీ దాన్నే చూస్తున్నా," అంది పక్కనున్న ముసలావిడ. "వరదకు కొట్టుకొచ్చిన దుంగ. ఎంత బాగా చేశారో అనుకున్నా."

అట్రాక్టా దాన్ని రెండు వేళ్లతో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. బురదనేల వాసన. కొసకు పీట్ నలుసులు అంటుకుని ఉన్నాయి. ఈ హాలంతటిలో నిజమైన పీట్ ఉన్నది ఒక్క బండిలోనే.

ఆ కర్ర పాస్కల్ కంటపడింది. తర్వాత అతని చూపు తన కప్పు మీదికి వెళ్లింది. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది.

"చెయ్యి ఖాళీ లేదు," అన్నాడు మెల్లగా. "పీట్ మీద పెట్టాను. అసలు కర్ర ఉండాల్సింది బండి మీదే కదా అనుకున్నా. అడ్డంగా పెట్టినట్టున్నా, గోడ కొట్టేసింది." తర్వాత ఆమె వైపు తిరిగి, "నువ్విచ్చావు అట్రాక్టా. ఇప్పుడు గుర్తొచ్చింది," అన్నాడు.

ఇగ్గీ తలగోక్కున్నాడు. కర్ర బండెక్కింది, నియమం ప్రకారమే. బండి దిగింది, నియమం ప్రకారం కాదు. మరి ఇది పోగొట్టడం కిందికి వస్తుందా, రాదా? ఆయన కళ్లు వంటగది తలుపు వైపు తిరిగాయి. తలుపు సందులోంచి మార్టిన్ షీరన్ ఆశగా చూస్తున్నాడు. పాస్కల్ నడిపే పెట్టెను బల్ల మీద పెట్టి, కప్పు తీసుకుని అటే బయల్దేరాడు.

అట్రాక్టా ఎర్ర తువ్వాలు విప్పి మడిచింది. వెనక్కి వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. ఎవరూ అడ్డుచెప్పలేదు.

"పాస్కల్."

అతను ఆగాడు.

"ఆ కప్పు కడిగి అక్కడే పెట్టి రా."

అతను వెళ్లి వచ్చాడు. ఆమె కర్ర పట్టుకుని చెయ్యి చాచింది గానీ వెంటనే దాన్ని వదల్లేదు. అతను రెండు చేతులూ దోసిలి పట్టాడు. చన్నీళ్లకు తడిసి, చల్లగా ఉన్నాయి.